అదురు తెలిసే నేల

ఎడమ కాలు టేకు మీద, కుడి కాలు ఓక్ మీద వేసుకుని నేలకి చెక్క పలకలు అమ్మే ఈ కొట్లో ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నానో, రెండు పాదాలకీ ఒకేలా చల్లగా తగులుతోంది, తేడా తెలియడం లేదు, తెలియకపోతే ఎలా, తేడా తెలుసుకోడానికే కదా పనికి సెలవు పెట్టి పొద్దున్నే వచ్చి పడ్డది. కొట్టు పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నన్నే చూస్తున్నాడు. చూడనీ. చెప్పులు విప్పి నమూనా పలకల మీదికెక్కి నిలబడ్డ ఆడమనిషిని చూడక ఇంకేం చూస్తాడు. వచ్చినవాళ్లందరూ రంగు చూస్తారు, వేలితో రాసి నునుపు చూస్తారు, సోఫాకి నప్పుతుందా లేదా అని ఫోనులో ఫొటో పక్కన పెట్టి చూస్తారు. నేను కాలెత్తి దబ్బున వేశాను. ఓక్ పలక కిక్కురుమనలేదు. టేకు మీద వేశాను. అదీ అంతే, పైగా మడమ నొప్పి పుట్టింది. మా ఆయన, పిల్ల వచ్చేలోగా ఏదో ఒకటి తేల్చి ఉంచుతానని మాటిచ్చాను. చెక్క ఇవాళ బండెక్కాలి. ఎక్కితే ఇంట్లో కొన్నాళ్లు ఊరికే పడి ఉండి గదుల గాలికి అలవాటు పడుతుందట, అలవాటు పడ్డాకే పరచాలట, ఆలస్యమైతే పరిచే వడ్రంగి వేరే పని మీద దూరం వెళ్లిపోతాడట. చెక్కకి కూడా కొత్త ఇల్లు అలవాటు కావాలమ్మా, లేకపోతే ఉబ్బుతుంది, విరుచుకుంటుంది అని చెప్పాడు పెద్దాయన. చెక్కకి గడువిస్తున్నాం, పిల్లకి ఇవ్వలేదు.

"చప్పుడు అస్సలు రాదమ్మా, ఆ భయమేం పెట్టుకోకండి," అన్నాడాయన, నేను మూడోసారి కాలెత్తేసరికి. "స్లాబు మీద జిగురు పూసి అతికించేస్తాం. ఏనుగు నడిచినా పక్క గదిలో తెలీదు."

"తెలియాలండీ."

"ఏంటమ్మా?"

"నడిస్తే తెలియాలి. చప్పుడు రాకపోయినా ఫర్వాలేదు, అదురు కావాలి. ఒకళ్లు ఈ చివర నడిస్తే ఆ చివర కూర్చున్నవాళ్ల కాళ్లకి తెలియాలి."

కళ్లజోడు కిందికి దించుకుని నన్ను మళ్లీ మొదటి నుంచి చూశాడు. "అది రాకుండా చేయమనేనమ్మా జనం నా దగ్గరికొచ్చేది," అన్నాడు.

ఆయనకి ఎక్కడి నుంచి మొదలెట్టి చెప్పాలి. మా అమ్మాయికి వినపడదండీ అంటే సరిపోతుంది, మూడు మాటలు, కానీ ఆ మూడు మాటలు అన్న ప్రతిసారీ ఎదుటివాళ్ల మొహం ఒకలా మారుతుంది, నోటితో చిన్న చప్పుడు చేస్తారు, అయ్యో అంటారు, ఆ తర్వాత నేను వాళ్లని ఓదార్చాలి. ఇవాళ నాకు ఎవరినీ ఓదార్చే ఓపిక లేదు. అయినా అయ్యో అనడానికి ఏముంది, పాత ఇంట్లో మా బుడ్డదాన్ని ఒకసారి చూస్తే తెలిసేది. పదిహేనేళ్లు నిండాయి, ఎత్తులో నన్ను దాటేసింది, అయినా మాకు బుడ్డదే. ఆ ఇల్లు సైకిళ్ల కొట్టు మీద అద్దె మేడ, నేలంతా పాత చెక్క, ఎవరు ఎప్పుడు వేశారో కూడా తెలియదు, కింద బోలుగా ఉండేది. పిల్లి గెంతినా తెలిసేది. వీధి తలుపు తీసి మెట్లెక్కి ఎవరొస్తున్నారో మాకంటే ముందు దానికే తెలిసేది, మేం వంటింట్లో మాటల్లో పడి గమనించకపోయినా అది బొమ్మలు వదిలేసి తలుపు దగ్గరికి పరిగెత్తేది. వాళ్ల నాన్న మడమలు బరువు, గునపం దింపినట్టు వస్తాడు. మా తమ్ముడు ఒక కాలు ఈడుస్తాడు. నేను చిన్న చిన్న అడుగులు, త్వరత్వరగా. అందుకే మా పేర్లు కూడా అదే పెట్టుకుంది, అక్షరాలు నేర్వక ముందే. అరచేతి మీద పిడికిలితో రెండు గుద్దులు గుద్దితే నాన్న. అరచేతి మీద రెండు వేళ్లు చకచకా నడిస్తే అమ్మ. సైగల బడిలో చేరాక అమ్మకి వేరే సైగ ఉందని పంతులమ్మ చెబితే ఒప్పుకోలేదు, ఆ సైగ అందరి అమ్మలకీ ఉంది, ఇది మా అమ్మది అంది.

ఇంట్లో మాకు కాళ్లే నోళ్లు. ఒకసారి కాలు నేలకేసి కొడితే ఇటు చూడు అని. రెండుసార్లు కొడితే అన్నానికి రా. గబగబా కొడితే ఎక్కడ చచ్చావే అని. మా ఆయనా నేనూ పోట్లాడుకున్నా అలవాటుకొద్దీ కాళ్లు కొట్టుకునేవాళ్లం, సైకిళ్ల కొట్టతను కింద నుంచి రెంచీతో పైకప్పు మీద టకటకమని జవాబు చెప్పేవాడు. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ ఏదో అడుగుతుంటేనే నేను ఆవిడ వెనకున్న పిల్లని పిలుద్దామని కాలు గట్టిగా నేలకేసి కొట్టాను. ఆవిడ నోరు వెళ్లబెట్టింది. కోడలు నా మొహం మీదే కాలు తాటించిందని అటు పక్క చుట్టాలందరికీ చేరింది, మా ఆయన ఫోనులో గంటసేపు వివరించాడు, అయినా ఆవిడ ఆ సారి నాతో మాట్లాడకుండానే బస్సెక్కింది. తర్వాత ఎప్పుడో తనే నేర్చుకుంది. మనవరాలిని పిలవడానికి చేతికర్ర నేలకి పొడిచేది, అది తిరిగి చూస్తే అప్పుడే పుట్టిన పిల్ల నవ్వినంత సంబరపడేది. ఇప్పుడవన్నీ ఎందుకు గుర్తొస్తున్నాయి, చెక్క చూడాలి, చెక్క చూడమ్మా తల్లీ. వాల్‌నట్ అయితే నల్లగా, అందంగా ఉంది, కానీ మెత్తనట, కుర్చీ కాలు ఆనినా సొట్ట పడుతుందట. మేపుల్ తెల్లగా పాలలా ఉంది, గట్టిదే, కానీ మరక పడితే దాక్కోదు, నా కంటికి ప్రతి మరకా వంద అవుతుంది. టేకుకి నూనె గుణం, తడికి తట్టుకుంటుంది. ఓక్ చారలు బాగా తేలి ఉంటాయి. అన్నీ బాగానే ఉన్నాయి, అన్నిటిలో ఏదో ఒకటి ఉంది.

నా ఉద్యోగమే అంత. బట్టల ఫ్యాక్టరీలో ఆఖరి బల్ల నాది, కుట్టి వచ్చిన చొక్కాలని దీపం కింద పరిచి తప్పులు పట్టాలి. కుట్టు తప్పిందా, బొత్తం వదులా, జేబు ఓరా. అంతా బాగున్న చొక్కా కంటికి ఆనదు, జారిపోతుంది, తప్పున్నది మాత్రం వేలికి తగిలేస్తుంది. ఇంటికెళ్లాక ఆ చూపు బల్ల మీద వదిలి వెళ్లమంటాడు మా ఆయన. ఎలా వదలడం. ఫ్లాటు కొన్నప్పుడు చూశాను కదా అన్నీ, నల్లాలు తిప్పి చూశాను, గోడలు తట్టి చూశాను, కిటికీలు పది సార్లు వేసి తీశాను, వెలుతురు వస్తుందా, తడి ఊరుతుందా, లిఫ్టు ఆగితే మెట్లు ఎటు. నేల చూశానా. చూశాను, సిమెంటు స్లాబు, నున్నగా ఉంది, పగుళ్లు లేవు అనుకున్నాను. చెప్పులు విప్పి ఒక్కసారి కాలు కొట్టి చూడాలని నాకు తోచలేదు. ఇన్నేళ్లు కాళ్లతో బతికిన మనిషిని నాకే తోచకపోతే ఇంకెవరికి తోస్తుంది.

చేరిన మొదటి రోజే తెలిసింది. అన్నానికి రమ్మని రెండుసార్లు కొట్టాను, నా మోకాలి దాకా జిల్లుమంది తప్ప అది కిటికీ దగ్గర నుంచి తల తిప్పలేదు. మా ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. తర్వాత నవ్వు పోయింది. మేం దాని పక్కన ఉన్నట్టుండి మొలుస్తున్నాం. అది అద్దంలో జడ వేసుకుంటుంటే వెనక మొలుస్తాం, ఉలిక్కిపడుతుంది. పుస్తకం చదువుకుంటుంటే భుజం మీద చేయి పడుతుంది, ఉలిక్కిపడుతుంది. పోయిన నెల బల్ల దగ్గర తలుపుకి వీపు పెట్టి కూర్చుని ఏదో బొమ్మ గీసుకుంటోంది, పక్కన టీ పొగలు కక్కుతోంది, నేను ముద్దొచ్చి వెనక నుంచి మెడ మీద వేళ్లు వేశాను. అంతే. ఎగిరిపడింది, గ్లాసు తిరగబడింది, మణికట్టు నుంచి వేళ్ల దాకా తోలు ఊడొచ్చింది. సైగ చేసే చెయ్యి. కట్టు కట్టినన్నాళ్లూ అది సగం మాటలే మాట్లాడింది. డాక్టరమ్మ మచ్చ పడదని చెప్పింది, పడలేదు కూడా, కానీ నేను చూస్తే ఇప్పటికీ అక్కడ ఎర్రగానే కనిపిస్తుంది. ఆ రోజే అన్నాను చెక్క వేయిద్దామని. మా ఆయన కారు కోసం డబ్బు దాచుకుంటున్నాడు, ఆ ఊసు ఇంక ఎత్తలేదు. సరే అన్నాడు, ఒక్క మాటకి సరే అన్నాడు, అందుకే నాకు ఇంకా భయం, ఇప్పుడు తప్పు చెక్క ఎంచుకుంటే ఆయన ఏమీ అనడు, అది కూడా ఏమీ అనదు, ఆ ఇంట్లో ఇంక బతికినంత కాలం మేమిద్దరం దాని వెనక దొంగల్లా మొలుస్తూనే ఉంటాం.

"మీరడిగేది ఉందమ్మా," పెద్దాయన ఏదో ఆలోచించి వచ్చి అన్నాడు. "చెక్కలో లేదది. వేసే పద్ధతిలో ఉంది. స్లాబు మీద సన్నటి చెక్క పట్టీలు పరిచి, వాటి మీద పలకలు మేకులేసి బిగిస్తే, కింద ఖాళీ ఉంటుంది. పాత కాలం పద్ధతి. డ్యాన్సు బళ్లవాళ్లు తప్ప ఎవరూ అడగట్లా ఇప్పుడు."

ఒక్క క్షణం గుండె తేలికైంది. తర్వాత మామూలే, తేలికైన చోటే బోలెడు అనుమానపు పురుగులు. పట్టీలు వేస్తే నేల పైకి లేస్తుందట, తలుపులన్నీ కింద చెక్కాలట, వంటింటి గడప దగ్గర మెట్టు వస్తుందట, చీకట్లో తట్టుకుని పడితే. వానాకాలం పలకలు ఉబ్బి, ఎండాకాలం సందులు పడితే. కింద ఫ్లాటులో నర్సమ్మ ఉంది, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది, లిఫ్టులో ఒకసారి మీరేనా పైకొచ్చింది, చెప్పుల చప్పుడు రాదు, సంతోషం అని నవ్వింది. ఆవిడ నెత్తి మీద ఇప్పుడు డప్పు బిగించబోతున్నాను. అదే అడిగాను. పట్టీల కింద రబ్బరు దిమ్మలు పెడితే కిందికి దిగడం చాలా వరకు తగ్గుతుందమ్మా, పైన మీకు ఉండేది ఉంటుంది అన్నాడు. చాలా వరకు అంటే ఎంత వరకు. ఆ మాట పట్టుకుని ఇంకో గంట నలగగలను నేను. మా ఆయన పక్కన ఉంటే కాలుగాలిన పిల్లిలా తిరక్కు, ఒకచోట కూర్చో అనేవాడు. నిజమే, మాట్లాడుతూ మాట్లాడుతూ కొట్టంతా రెండు చుట్లు తిరిగొచ్చాను, చెప్పులు ఎక్కడో వదిలేశాను.

కొట్టు వెనక గదిలో డ్యాన్సు బడివాళ్లకి చూపించడానికి కట్టిన వేదిక ఒకటుంది, పట్టీల మీద ఓక్ పలకలు. ఎక్కాను. ఎక్కగానే అరికాళ్లకి తెలిసింది, పాత ఇల్లు. పాత ఇల్లంటే మరీ పాత ఇల్లు కాదు, దానికంటే బిగువుగా ఉంది, అయినా కాళ్లు గుర్తుపట్టాయి. కళ్లు మూసుకున్నాను. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాను, ఎవరేమనుకుంటే నాకేం. ఆ చివర నడవండి అని పెద్దాయనకి చెప్పాను. నడిచినట్టున్నాడు. తెలిసింది. చెవిలో కాదు, పాదాల మధ్యలో, పిక్కల్లోకి, ఎవరో మెత్తగా తలుపు తట్టినట్టు తెలిసింది. ఆయన కుడి కాలు కొంచెం ఆలస్యంగా వేస్తాడు, కళ్లు తెరిచి ఇందాక ఇంతసేపు చూసినా నాకది కనబడలేదు. ఇంకో అడుగు కలిసింది, ఎవరో కొనడానికి వచ్చినవాళ్లు, బరువైన మనిషి. వీధిలో లారీ పోయింది. పైన ఎవరో కుర్చీ లాగారు. ఎక్కడో యంత్రం ఆడుతోంది, ఆగింది, మళ్లీ మొదలైంది. ఒకటి అయ్యేలోగా ఒకటి, ఒకదాని మీద ఒకటి, ఇన్ని కాళ్లా లోకంలో, ఇవన్నీ ఎప్పుడూ మా బుడ్డదాని ఒంట్లోకి ఇలా వస్తూనే ఉండేవా అనుకున్నాను. కాసేపటికే పళ్లు బిగబట్టుకుని ఉన్నానని తెలిసి కళ్లు తెరిచాను. ఆనందంగానే ఉంది, ఆనందమే అది. ఇదే కావాలి. హాలు, నడవా, మా గది, దాని గది, అంతా ఇదే. ఈ ఇంట్లో ఇంక అది ఉలిక్కిపడదు. నేనొస్తున్నానని నేను చెప్పకుండానే దానికి తెలుస్తుంది. ముఖ్యంగా రాత్రిళ్లు. రాత్రి నిద్ర పట్టనప్పుడు లేచి దాని తలుపు దగ్గర కాసేపు నిలబడి వస్తాను, పుట్టినప్పటి నుంచి అలవాటు, నిప్పంటుకుంటే ఎలా, దొంగ వస్తే ఎలా, అది అరిచినా తన అరుపు తనకి వినపడదు కదా అని. అమ్మ ఉందిలే అని దాని కాళ్లకి తెలిస్తే ఎంత ధైర్యం.

వాళ్లొచ్చారు. అద్దాల తలుపు బయట మా ఆయన గొడుగు దులుపుతున్నాడు, వాన మొదలైనట్టుంది, బుడ్డది అప్పటికే లోపలికొచ్చి అన్నిటినీ వేళ్లతో తడుముతోంది. పలకలని వాసన చూసింది. వాళ్ల నాన్న భుజం గిల్లి టేకు వాసన చూడమంది. నేను వెనక గదిలోకి రమ్మని చెయ్యి ఊపాను, వచ్చింది, వేదిక మీద నిలబెట్టి అటు తిప్పాను, నేను ఆ చివరికి వెళ్లి ఒక్కసారి కాలు కొట్టాను. అది గిరుక్కున తిరిగింది. మొహమంతా నవ్వు. నా ప్రాణం లేచొచ్చింది, ఇంక చాలు, ఇంక ఏ చెక్కయినా ఒకటే, కళ్లలో నీళ్లు తిరిగాయి, మా ఆయన చూడకుండా పైట చెంగుతో ఒత్తుకున్నాను. ఆయన చూశాడు. అయిపోయిందిగా, ఇంక ఊపిరి పీల్చుకో అన్నాడు.

బుడ్డది వేదిక మీద కాసేపు ఎగిరింది, పిల్లిలా నడిచింది, వాళ్ల నాన్నని నడిపించింది. తర్వాత నా దగ్గరికొచ్చి చేతులు కదిపింది. హాలులో ఇది వేయించు, బాగుంది. నా గదిలో వద్దు.

నాకు అర్థం కాలేదనుకుంది, మళ్లీ చెప్పింది, నా గది, వద్దు. ఎందుకు అన్నాను. దాని కోసమే కదా ఇదంతా, దాని గది కోసమే కదా, హాలు ఎవరికి కావాలి. చెయ్యి కాలింది గుర్తులేదా అన్నాను, గ్లాసు సైగ చేసి, మణికట్టు చూపించి. అది భుజాలెగరేసింది. బల్ల తిప్పుకుంటాను, తలుపు వైపు మొహం పెట్టుకుని కూర్చుంటాను అంది. అంతే. అంత తేలిక. నెల రోజులుగా నేను చెక్కలు, జిగుర్లు, పట్టీలు, రబ్బరు దిమ్మలు అని నెత్తి బద్దలు కొట్టుకుంటుంటే, ఒక బల్ల ఇటుది అటు తిప్పడం నాకు తట్టలేదు. సరే బల్ల తిప్పు, అయినా ఇది ఎందుకొద్దు, నీకు నచ్చింది కదా అన్నాను. అది వాళ్ల నాన్న వంక చూసింది, ఆయన పెద్దాయనతో తలుపులు చెక్కే సంగతి మాట్లాడుతున్నాడు. నా వంక చూసింది. చెప్పనా వద్దా అన్నట్టు కాసేపు ఆగింది. ఆగితే నాకు అంతకంటే నరకం లేదని దానికి తెలుసు.

అప్పుడు ఎడమ అరచెయ్యి చాపింది, దాని మీద రెండు వేళ్లు పెట్టింది. అమ్మ. ఆ వేళ్లు చకచకా నడిచాయి, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. వచ్చి బొటనవేలి దగ్గర ఆగాయి. అది తలుపు. ఆగాయి, చాలాసేపు ఆగాయి. వెనక్కి వెళ్లాయి. మళ్లీ వచ్చాయి. పాత ఇంట్లో రాత్రంతా నువ్వు ఇలా అంది. నాకు మెలకువ వచ్చేసేది. అమ్మ ఎందుకు పడుకోలేదు, ఏమైంది, ఇంట్లో ఏమైనా అయిందా అనుకునేదాన్ని. నువ్వు వెళ్లి పడుకున్నాకే నేను పడుకునేదాన్ని. చిన్నప్పటి నుంచీ.

బళ్లో తరగతిలో కునుకు తీస్తోందని పంతులమ్మ పిలిపించి చెప్పిన రోజులు, రక్తం తక్కువేమోనని డాక్టర్ల చుట్టూ తిప్పిన రోజులు, ఆ దిగులుతో నాకు నిద్ర పట్టక ఇంకోసారి లేచి నిలబడ్డ రాత్రులు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నేను కాపలా కాస్తున్నాననుకున్నాను. తలుపుకి అటు వైపు ఇంత పిల్ల కళ్లు తెరుచుకుని నాకు కాపలా కాసింది.

అది నా మొహం చూసి కంగారు పడింది, నా చెంప తట్టింది. ఇప్పుడు బాగుంది అంది. ఈ ఇంట్లో నువ్వు పడుకుంటున్నావు కదా, రావడం మానేశావు కదా, నాకూ బాగా నిద్ర పడుతోంది. అందుకే నా గదిలో అతికించేది వేయించు. పొరపాటున నువ్వు ఎప్పుడైనా లేచినా నాకు తెలియదు. నువ్వు హాయిగా పడుకున్నావనుకుని నేను హాయిగా పడుకుంటాను.

తల ఊపాను. అవును, మానేశాను అన్నట్టు ఊపాను. నిన్న రాత్రి దాని తలుపు దగ్గర నిలబడ్డాను. మొన్న రాత్రి కూడా. సిమెంటు నేల చల్లగా ఉంటే మేజోళ్లు వేసుకుని మరీ నిలబడ్డాను.

"తేల్చారా అమ్మా?" పెద్దాయన పెన్ను తీసుకుని వచ్చాడు.

పిల్ల గదికి అతికించేది అన్నాను. చెక్క నువ్వే చెప్పు అని దాని వైపు తిరిగితే అది మేపుల్ మీద వేలు పెట్టింది, ఆ తెల్లటి దాని మీద, మరక ఒక్కటి కూడా దాక్కోని దాని మీద. మామూలుగా అయితే మేపుల్ తప్పులన్నీ ఏకరువు పెట్టేదాన్ని. మేపులే రాసుకోండి అన్నాను. హాలుకి ఓక్, పట్టీల మీద. మా గదికి ఏదైనా ఫర్వాలేదు. మా ఆయన నా వంక వింతగా చూశాడు, ఏదైనా ఫర్వాలేదు అనే మాట నా నోట ఆయన వినడం పెళ్లయ్యాక ఇదే మొదలనుకుంటాను.

"మరి నడవాకి? మీ గది నుంచి పాప గది దాకా ఉంది కదా, ఆ ముక్క," అన్నాడు పెద్దాయన. "అది కూడా అతికించేస్తే పాపకి నిద్ర చెడదు. మీక్కూడా ప్రశాంతం."

ప్రశాంతం. అతికిస్తే ఎంత తిరిగినా ఎవరికీ తెలియదు. దానికి తెలియదు, ఆయనకి తెలియదు, నర్సమ్మకి తెలియదు. ఇంకో పదేళ్లు తిరగొచ్చు, అది పెళ్లయి వెళ్లిపోయాక ఖాళీ గది ముందు కూడా తిరగొచ్చు. అలా తిరిగే మనిషిని తలుచుకుంటే నాకు భయమేసింది.

"నడవాకి పట్టీల మీదే వేయండి," అన్నాను. "వదులుగా వేయండి. అడుగు పెడితే కిర్రుమనాలి."

"కిర్రుమంటే నన్ను తిడతారమ్మా. రాత్రిపూట ఎవరైనా లేచి నడిస్తే సార్‌కి నిద్ర పాడైపోతుంది. అయినా అర్ధరాత్రి ఆ నడవాలో ఎవరు నడుస్తారు?"

"నేనేనండీ," అన్నాను.

బుడ్డది మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసి నా మోచెయ్యి లాగింది. ఏమిటి, ఏం చెప్పావు ఆయనకి. అబద్ధం చెప్పడం దానితో నాకు ఎప్పుడూ చేతకాదు, ఇందాక తల ఊపడం ఒక్కటే చేతనైంది. అరచెయ్యి చాపి రెండు వేళ్లు పెట్టాను. నడిపించాను. బొటనవేలి దగ్గర ఆపాను. నిన్న కూడా అన్నాను. మొన్న కూడా. రోజూ.

అది కదలకుండా నా చేతి వంకే చూసింది. మొహం ఎర్రబడింది. తర్వాత నా ఆ రెండు వేళ్లనీ గుప్పిట్లో పట్టుకుని నొక్కింది, నొప్పి పుట్టేంత గట్టిగా, పెద్దాయన రాసుకోవడం పూర్తయి బండివాణ్ణి కేకేసినా వదల్లేదు.